ప్రకటన పోవాలి, మచ్చ మిగలకూడదు: రికార్డు చేసిన టీవీ కార్యక్రమంలో కోత, అతుకు

రెండు గంటల కర్ణాటక సంగీత కచేరీని డిష్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసుకుని, అందులోని ఆరు ప్రకటన విరామాలను తీసేసి ఇంట్లో పెద్దవాళ్లకు ఇద్దామని తొలిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, అది పావుగంటలో తేలిపోయే పని అనుకున్నాను. విరామం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టి, నడుమ భాగాన్ని తొలగించి సేవ్ చేశాను. తీరా చూస్తే, మొదటి అతుకు దగ్గరే వయొలిన్ విద్వాంసుడి ముఖం మీద సబ్బు ప్రకటనలోని నురగ గళ్లుగళ్లుగా అంటుకుని, రెప్పపాటు నిలిచి మాయమైంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ చేశాను. ఈసారి బొమ్మ శుభ్రంగానే వచ్చింది గానీ, రెండో అతుకు దాటాక పెదవుల కదలికకూ పాటకూ పొత్తు చెడింది. మంగళం పాడే వేళకు మృదంగం మీద చెయ్యి పడిన అర సెకనుకు గానీ నాదం వినిపించలేదు. ఈ రెండు లోపాలూ ఒకే అపోహ నుంచి పుట్టాయని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. డిజిటల్ వీడియో అంటే ఒకదాని పక్కన ఒకటి పేర్చిన బొమ్మల వరుస అనుకోవడమే ఆ అపోహ.

సినిమా రీలు విషయంలో ఆ ఊహ అక్షరాలా నిజం. టూరింగ్ టాకీసులో రీలు తెగితే ఆపరేటరు పాడైన నాలుగు ఫ్రేములను కత్తెరతో తీసేసి, రెండు కొసలనూ సిమెంటుతో అతికించి, ప్రేక్షకుల ఈలలు ఆగేలోపు మళ్లీ ప్రొజెక్టరుకు ఎక్కించేవాడు. అక్కడ ప్రతి ఫ్రేమూ తనంత తానుగా పూర్తి ఫొటో కనుక, ఎక్కడ కోసినా పక్కనున్న ఫ్రేముకు వచ్చే నష్టం లేదు. డిజిటల్ ప్రసారానికి అంత వెసులుబాటు లేదు. 720 పిక్సెళ్ల వెడల్పు, 576 గీతల ఎత్తు ఉన్న మామూలు టీవీ బొమ్మను సెకనుకు 25 చొప్పున, ఏ కుదింపూ లేకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 12 కోట్ల 44 లక్షల బిట్లు కావాలి. ఉపగ్రహంలో ఒక్కో ఛానెల్‌కు దక్కేది అందులో చిన్న వాటా మాత్రమే కాబట్టి, ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపే బదులు, ముందు పంపిన బొమ్మతో పోలిస్తే ఇప్పుడు ఏం మారిందో అంత మాత్రమే పంపుతారు. ఫలితంగా ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి చాపలాగా అల్లుకుపోతాయి. చాపను ఎక్కడ పడితే అక్కడ కత్తిరిస్తే అంచు పొడవునా పుల్లలు ఊడినట్టే, ఇక్కడ అతుకు దగ్గర బొమ్మ ఊడుతుంది.

ఈ అల్లికలో మూడు రకాల ఫ్రేములు ఉంటాయి. ఐ-ఫ్రేమ్ ఎవరి సాయమూ లేకుండా విప్పుకోగలిగే పూర్తి బొమ్మ. వాడుకలో కీఫ్రేమ్ అనేది దీన్నే. పి-ఫ్రేమ్ తనకంటే ముందున్న ఐ గానీ పి గానీ ఆధారంగా, వచ్చిన మార్పులను మాత్రమే మోస్తుంది. బి-ఫ్రేమ్ అటు వెనకటి ఫ్రేమునూ ఇటు రాబోయే ఫ్రేమునూ రెండింటినీ చూసి తయారవుతుంది. ఇంకా రాని ఫ్రేమును చూడటం సాధ్యం కాదు కనుక, ప్రసారంలో ఆ రాబోయే ఫ్రేమును ముందుగా పంపి, బి-ఫ్రేములను దాని వెనక పంపుతారు. అంటే ఫైల్లో ఫ్రేములు పడి ఉన్న వరుస వేరు, తెర మీద కనిపించే వరుస వేరు. మనం ప్రకటనను గుర్తుపెట్టేది తెర మీది వరుసను చూసి; సాఫ్ట్‌వేర్ కోయవలసింది ఫైల్లోని వరుసను. నురగ మరకకు మూలం ఇక్కడే ఉంది.

దీన్ని ఒక గుంపు తీసుకుని దగ్గరగా చూద్దాం. ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతి వాడే ప్రసారంలో ఒక ఐ-ఫ్రేముకూ తర్వాతి ఐ-ఫ్రేముకూ మధ్య తరచూ 12 గానీ 15 గానీ ఫ్రేముల దూరం ఉంటుంది. ఆ గుంపును జీఓపీ అంటారు. 12 ఫ్రేముల గుంపులో తెర మీద 1, 2 బి-ఫ్రేములు, 3 ఐ-ఫ్రేమ్, 4, 5 బి, 6 పి, 7, 8 బి, 9 పి, 10, 11 బి, 12 పి అనుకుందాం. తర్వాతి గుంపులో 13, 14 బి, 15 ఐ. ఇప్పుడు ప్రకటన 7వ ఫ్రేముతో ముగిసి, కచేరీ 8వ ఫ్రేముతో మొదలైందనుకోండి. మొదటి ఏడింటినీ తీసేసి ఎనిమిది నుంచి ఉంచేస్తే, 8వ ఫ్రేముకు ఆధారం కావలసిన 6 లేదు, 9కి ఆధారమూ అదే 6 కనుక అదీ నిలబడదు, 9 మీద ఆధారపడిన 12 కూడా నిలబడదు. కుదించిన బొమ్మను విప్పే డీకోడర్ మాత్రం ఆధారం లేదని ఊరుకోదు. తన జ్ఞాపకంలో చివరగా మిగిలిన బొమ్మనే ఆధారంగా తీసుకుని, దాని మీద మార్పులను పులిమేస్తుంది.

ఆ మిగిలిన బొమ్మ ఏదన్నది విరామం మొదలైన చోట ఎలా కోశామన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్కడ కచేరీ 11వ ఫ్రేముతో ఆగి, 12 నుంచి ప్రకటన మొదలైందనుకుందాం. 10, 11 బి-ఫ్రేములు కనుక వాటి కోసం 12వ ఫ్రేమ్ ఫైల్లో వాటికంటే ముందే వచ్చి కూర్చుంది. పదకొండు దాకా ఉంచితే పన్నెండూ ఉండిపోతుంది, అది ప్రకటనలోని నురగ. విరామం తర్వాత వచ్చే 9వ ఫ్రేమ్ తనకు ఆధారంగా ఈ నురగనే పట్టుకుంది. "ఈ గడిలో మార్పు లేదు, ముందున్నదే ఉంచు" అని, బొమ్మను కుదించే ఎన్‌కోడర్ రాసిన ప్రతి గడిలోనూ నురగ అలాగే మిగిలింది, మార్పు రాసిన గళ్లలో మాత్రమే విద్వాంసుడు కనిపించాడు. 15వ ఫ్రేమ్, అంటే తర్వాతి ఐ-ఫ్రేమ్, వచ్చాక గానీ తెర శుభ్రపడలేదు. 8 నుంచి 14 దాకా ఏడు ఫ్రేములు, ఒక్కొక్కటి 40 మిల్లీసెకన్లు, మొత్తం 280 మిల్లీసెకన్లు. కంటికి అది చాలా ఎక్కువ.

ఇంతవరకూ అర్థమైతే దారులు మూడేనని తెలుస్తుంది. మొదటిది, మొత్తం కార్యక్రమాన్ని విప్పి, ప్రకటనలు తీసేసి, తిరిగి ఎన్‌కోడ్ చేయడం. అతుకులు కనిపించవు గానీ, ఒకసారి కుదించిన బొమ్మను మళ్లీ కుదిస్తే ప్రతి ఫ్రేమూ కొంత నాణ్యతను పోగొట్టుకుంటుంది. ఆరు అతుకుల కోసం 1,80,000 ఫ్రేములను నలపడం ఎలుకను పట్టడానికి ఇల్లు తగలబెట్టుకోవడం లాంటిదని నా అభిప్రాయం. రెండో దారి, కోత ఎప్పుడూ ఐ-ఫ్రేముల దగ్గరే పెట్టడం. పై ఉదాహరణలో 3 దగ్గర కోస్తే ప్రకటన 200 మిల్లీసెకన్లు మిగులుతుంది, 15 దగ్గర కోస్తే కచేరీ 280 మిల్లీసెకన్లు పోతుంది. మిగతాదంతా ప్రసారమైనది ప్రసారమైనట్టే ఉంటుంది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. 15 దగ్గర కోసినా, తెర మీద దానికంటే ముందు కనిపించవలసిన 13, 14 ఫైల్లో దాని వెనకే ఉన్నాయి, వాటికి ఆధారమైన 12 ఇప్పుడు లేదు. ఇలా వెనకటి గుంపు మీద చెయ్యి వేసి నిలబడే గుంపును ఓపెన్ జీఓపీ అంటారు. ఎంపెగ్-2 రూపకర్తలు దీన్ని ముందే ఊహించి, గుంపు శీర్షికలో "లంకె తెగింది" అని చెప్పే బ్రోకెన్ లింక్ అనే ఒక్క బిట్టును పెట్టారు. దాన్ని 1 చేస్తే డీకోడర్ ఆ రెండు ఫ్రేములనూ చూపకుండా వదిలేయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ బిట్టును మార్చకుండా ఆ రెండు ఫ్రేములను నేరుగా తీసేస్తాయి. అది తప్పు కాదు, వాటితోపాటు పోవలసిన 80 మిల్లీసెకన్ల శబ్దాన్ని తీయకపోవడం తప్పు. నా రెండో ప్రయత్నంలో జరిగింది అదే. ఒక్కో అతుకుకు 80 చొప్పున ఆరు అతుకులకు 480 మిల్లీసెకన్లు, మంగళం దగ్గర నేను గమనించిన ఆ అర సెకను.

మూడో దారిని స్మార్ట్ రెండరింగ్ అంటారు. ఇందులో అతుకు దగ్గరున్న కొద్ది ఫ్రేములను మాత్రమే విప్పి, మళ్లీ ఎన్‌కోడ్ చేసి, మిగతా ఫైలును బైటుకు బైటు నకలు చేస్తారు. మన ఉదాహరణలో సాఫ్ట్‌వేర్ 3 నుంచి 15 దాకా తన జ్ఞాపకంలోనే విప్పుకుని, 8 నుంచి 14 వరకున్న ఏడు బొమ్మలను ఎవరి మీదా ఆధారపడని కొత్త గుంపుగా తయారుచేసి, 15 నుంచి అసలు ఫైలును యథాతథంగా అతికిస్తుంది. 13, 14 కొత్త గుంపులో వచ్చేశాయి కనుక పాత చోటు నుంచి వాటిని తీసేసి, ఆ గుంపులోని మిగతా ఫ్రేముల వరుస సంఖ్యలను రెండేసి తగ్గించాలి. విరామం మొదలయ్యే చోట కూడా ఇదే పద్ధతి: కచేరీ 11తో ఆగిపోతే 10, 11 రెండింటినీ విప్పి, 11ను పి-ఫ్రేముగా, 10ను దాని ఆధారంతో మళ్లీ రాయాలి, అప్పుడు ప్రకటనలోని 12తో పని ఉండదు. మొత్తం ఆరు అతుకులకూ కలిపి మళ్లీ కుదించేది వందో నూటయాభయ్యో ఫ్రేములు; 1,80,000లో అది లెక్కలోకి రాదు. ఎంపెగ్-2 విషయంలో ఈ దారి బాగా నలిగినదే, నమ్మదగినదే.

ఎంపెగ్-2 తర్వాత వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి దగ్గరకు వచ్చేసరికి నేను అంత ధీమాగా చెప్పలేను. 2003లో వచ్చిన ఈ ప్రమాణం అదే నాణ్యతకు చాలా తక్కువ బిట్లు తీసుకుంటుంది గానీ, ఆ పొదుపులో కొంత అల్లికను ఇంకా బిగించడం వల్ల వచ్చినదే. ఇందులో ఒక ఫ్రేమ్ 16 దాకా వేరే ఫ్రేములను ఆధారంగా తీసుకోవచ్చు, బి-ఫ్రేములు కూడా ఇతరులకు ఆధారం కావచ్చు, మామూలు ఐ-ఫ్రేమును దాటి వెనక్కి చూసే పి-ఫ్రేములు కూడా ఉండవచ్చు. వెనక్కి చూడటాన్ని పూర్తిగా నిషేధించేది ఐడీఆర్ అనే ప్రత్యేక ఐ-ఫ్రేమ్ మాత్రమే, ప్రసారకర్తలు దాన్ని తరచూ పెట్టాలన్న నియమమేమీ లేదు. దీనికి తోడు బొమ్మను ఎలా విప్పాలో చెప్పే ఎస్‌పీఎస్, పీపీఎస్ అనే పట్టికలు ఉంటాయి. అతుకు దగ్గర కొత్తగా ఎన్‌కోడ్ చేసిన ముక్క తన పట్టికలను అవే సంఖ్యలతో తెస్తే, పాతవి చెరిగిపోయి ఆ తర్వాతి అసలు భాగమంతా చెత్తగా విప్పుకుంటుంది. కంప్యూటర్లో చక్కగా ఆడిన ఫైలు టీవీకి పెట్టగానే ఆగిపోవడానికి ఒక్కోసారి కారణం ఇదే. అందుకే హెచ్.264 రికార్డింగుల విషయంలో నేను స్మార్ట్ రెండరింగ్ కోసం పట్టుబట్టను. ప్రకటన తాలూకు పావు సెకను మిగిలినా సరేనని ఐడీఆర్ దగ్గరే కోస్తాను. దాని తర్వాతి ప్రమాణమైన హెచ్‌ఈవీసీలో పరిస్థితి కాస్త మేలు, ఎందుకంటే అతుకు తర్వాత విప్పడానికి వీల్లేని ఫ్రేములు ఏవో ఆ ప్రమాణమే వేరుగా పేరు పెట్టి చెబుతుంది, డీకోడర్ వాటిని మర్యాదగా దాటవేస్తుంది.

శబ్దం లెక్క వేరు. ఎంపెగ్ లేయర్-2 ఆడియోలో ఒక ఫ్రేమ్ అంటే 1152 నమూనాలు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర సరిగ్గా 24 మిల్లీసెకన్లు. బొమ్మ ఫ్రేమ్ 40. ఈ రెండు అంచులూ 120 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే ప్రతి మూడో బొమ్మ దగ్గర, మాత్రమే కలుస్తాయి. ఏసీ-3 అనే మరో ఆడియో పద్ధతి అయితే ఆడియో ఫ్రేమ్ 32 మిల్లీసెకన్లు, అంచులు కలిసేది 160కి ఒకసారి. ఆడియో ఫ్రేమును సగానికి కోయడం కుదరదు కాబట్టి ప్రతి అతుకు దగ్గరా కొంచెం ఎక్కువో తక్కువో తప్పదు. మంచి సాఫ్ట్‌వేర్ ఆ తేడాను మరిచిపోకుండా తర్వాతి అతుకుకు మోసుకుపోయి, మొత్తం తేడా ఎప్పుడూ అర ఆడియో ఫ్రేమును, అంటే లేయర్-2లో 12 మిల్లీసెకన్లను, దాటకుండా చూస్తుంది. ప్రతిసారీ ఒకే వైపుకు సవరించే సాఫ్ట్‌వేర్ దగ్గర తేడా పోగుపడుతుంది. శబ్దం బొమ్మకంటే సుమారు 45 మిల్లీసెకన్లు ముందుగా గానీ, 125 మిల్లీసెకన్లు ఆలస్యంగా గానీ వస్తే మనిషి పసిగట్టగలడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫారసు చెబుతోంది. నా కచేరీలో మొదటి అతుకు తర్వాత 80 వరకు నాకు ఏమీ తెలియకపోవడం, రెండో అతుకుతో 160 అయ్యేసరికి తెలిసిపోవడం ఈ అంకెలకు సరిగ్గా సరిపోతాయి.

ఫైలును నేరుగా బైట్ల లెక్కన ముక్కలు చేసేవారికి ఇంకో ఉచ్చు ఉంది. 35 ఎంఎం రీలులో శబ్దం తన బొమ్మ పక్కనే కాకుండా దాదాపు 20 ఫ్రేములు ముందు ముద్రించి ఉన్నట్టే, ప్రసార ప్రవాహంలోనూ ఒక బొమ్మా దాని శబ్దమూ ఒకే చోట ఉండవు. విప్పడానికి సమయం పడుతుంది కనుక బొమ్మను ముందుగా పంపుతారు. రెండింటినీ ఒకే బైటు దగ్గర కోస్తే ఒక పక్క బొమ్మ లేని శబ్దం, ఇంకో పక్క శబ్దం లేని బొమ్మ మిగులుతాయి. కోత వేయవలసింది ఫ్రేముల మీద ఉండే పీటీఎస్ అనే సమయ ముద్రను చూసి. ఆ గడియారం సెకనుకు 90,000 సార్లు కొట్టుకుంటుంది, 33 బిట్లలో ఇమడాలి కనుక సుమారు ఇరవై ఆరున్నర గంటలకు ఒకసారి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ సున్నా మీ రికార్డింగు మధ్యలో పడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు గంటల ఫైలును ఇరవై నాలుగు గంటలకు పైగా చూపి బిత్తరపోతాయి. కోత తర్వాత సమయ ముద్రలను సవరించకపోయినా అంతే. తీసేసిన మూడు నిమిషాల ప్రకటన కోసం ప్లేయర్ తెరను ఆపి ఎదురుచూసే సందర్భాలూ ఉన్నాయి.

పెన్‌డ్రైవ్ రికార్డింగుల దగ్గర మరో రెండు మాటలు చెప్పాలి. తెలుగు ఇళ్లలో ఇలా విప్పి చూడగలిగే రికార్డింగులు ఎక్కువగా డీడీ ఫ్రీ డిష్ నుంచే వస్తాయి, 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి సప్తగిరి, యాదగిరి వంటి దూరదర్శన్ ఛానెళ్లు తాళం లేకుండా దిగుతాయి. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సుల్లోని రికార్డింగులు ఆ బాక్సుకే తాళమై ఉంటాయి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ తాళాన్ని పగలగొట్టడాన్ని కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ నేరంగా చూస్తుంది, కనుక ఈ వ్యాసం వాటి గురించి కాదు. ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండు రేడియో తరంగాలు వాన జల్లుకు బలహీనపడతాయి. ప్రవాహం 188 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది, ప్రతి ప్యాకెట్‌లోనూ 0 నుంచి 15 దాకా తిరిగే ఒక లెక్కింపు అంకె ఉంటుంది; 6 తర్వాత 9 వస్తే నడుమ రెండు కొట్టుకుపోయాయన్నమాట. ఆషాఢం, శ్రావణంలో చేసిన రికార్డింగును కోతకు ముందే ఈ తప్పుల కోసం ప్రాజెక్ట్ ఎక్స్ వంటి సాధనంతో సరిచూసి శుభ్రం చేసుకోవాలి, లేకపోతే వాన చేసిన మచ్చకు కోతను తిట్టుకుంటాం. రెండోది, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్ ఒక ఫైలుకు 4 జీబీకి మించి చోటివ్వదు. బాక్సు రెండో ఫైలు మొదలుపెడుతుంది, ఆ విరుపు ప్యాకెట్ మధ్యలో పడవచ్చు. ముక్కలను విడివిడిగా ఎడిటర్‌లో తెరవకుండా, ముందు బైట్లను వరుసగా కలిపేసి ఒకే ఫైలు చేసుకున్నాకే కోత మొదలుపెట్టాలి.

ప్రకటన ఎక్కడ ఉందో కనిపెట్టే పనిని యంత్రానికి అప్పగించవచ్చా అంటే, కామ్‌స్కిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పనికే పుట్టింది. నల్ల ఫ్రేములు, నిశ్శబ్దం, దృశ్యాల మార్పు, మూలనుండే ఛానెల్ లోగో మాయమవడం వంటి గుర్తులను కలిపి అది ఊహిస్తుంది. మన ఛానెళ్ల దగ్గర దాని ఊహ తరచూ గురి తప్పుతుంది: విరామానికి ముందు నల్ల ఫ్రేమ్ లేకుండా నేరుగా ప్రకటనలోకి దూకే ఛానెల్, ప్రకటనల మీద కూడా లోగో ఉంచే ఛానెల్ దానికి అంతు చిక్కవు. కార్యక్రమాన్ని కుంచించి పక్కనా కిందా ఎల్ ఆకారంలో వేసే ప్రకటనను ఏ కోతా తీయలేదు, ఎందుకంటే అది బొమ్మలోనే కలిసిపోయింది. అయినా కామ్‌స్కిప్ చేసే ఒక పని నాకు నచ్చుతుంది. అది ఫైలును ముట్టకుండా, ఏ సెకను నుంచి ఏ సెకను దాకా దాటవేయాలో ఈడీఎల్ అనే చిన్న పాఠ్య ఫైలులో రాసిపెడుతుంది. కోడీ వంటి ప్లేయర్ దాన్ని చదివి, ఆడించేటప్పుడు ఆ భాగాలను దూకేస్తుంది. ఇంట్లో చూసుకోవడానికైతే కత్తెర పట్టకుండానే పని జరిగినట్టే. గుర్తు తప్పుగా పడితే ఒక అంకె మార్చుకుంటే చాలు.

ప్రసారకర్తలకూ ఇదే సమస్య ఉందన్నది చాలామందికి తోచదు. జాతీయ ప్రసారంలో స్థానిక ప్రకటనను చొప్పించాలంటే వాళ్లూ ఇదే అల్లికను కోయాలి. కాకపోతే వాళ్లు కోత పడబోయే చోటును ఎస్‌సీటీఈ-35 అనే సంకేతంతో ముందే ప్రవాహంలో ప్రకటించి, సరిగ్గా అక్కడ స్వతంత్రమైన గుంపు మొదలయ్యేలా ఎన్‌కోడర్‌కు చెబుతారు. మన ఇంటికి వచ్చే ప్రవాహంలో ఆ సంకేతం సాధారణంగా మిగలదు.

పని ముగిశాక పరీక్షించే తీరు గురించి ఒక మాట. కంప్యూటర్ ప్లేయర్లు తప్పులను సర్దుకుపోతాయి కనుక, ఫైలును చివరికి ఎక్కడ చూస్తారో ఆ టీవీలోనే పెట్టి, ప్రతి అతుకుకూ ఐదు సెకన్ల ముందు నుంచి ఆడించాలి. కొన్ని టీవీలు నేరుగా అతుకు మీదకు దూకినప్పుడు బాగానే చూపి, వరుసగా ఆడినప్పుడు తడబడతాయి. శబ్దం పొత్తును మొదటి అతుకు దగ్గర కాదు, చివరి అతుకు తర్వాత చూడాలి. చప్పట్లు గానీ, తలుపు మూసుకోవడం గానీ, చెయ్యి పడగానే మోగేదేదైనా గానీ దొరికిన చోట ఆపి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరపాలి. నా కచేరీకి మూడోసారి స్మార్ట్ రెండరింగ్ చేసినప్పుడు నేను ఎంచుకున్నది మంగళంలోని ఆఖరి దెబ్బ. చెయ్యి మృదంగాన్ని తాకిన ఫ్రేములోనే నాదం మొదలైంది.